కెమెరా, జీపీఎస్ లేకుండా 25 చిన్న రోబోలు తమంతట తామే తోరణం ఆకారంలో నిలబడగలవా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్న నలుగురు కలిసి 25 చిన్న రోబోలు తయారు చేయాలనుకుంటున్నారు. పైనుంచి చూసే కెమెరా ఉండకూడదు, జీపీఎస్ ఉండకూడదు, అన్నిటికీ ఆజ్ఞలిచ్చే కంప్యూటర్ కూడా ఉండకూడదు. ఆ రోబోలు కాకతీయ తోరణం ఆకారంలో వాటంతట అవే సర్దుకోవాలి. ఇది అయ్యే పనేనా, ఏ అల్గారిదంతో, ఏ సెన్సర్‌తో మొదలుపెట్టాలి అని అడిగారు.

అయ్యే పనే. కానీ 25తో తోరణం రాదు. తోరణానికి తక్కువలో తక్కువ 66 కావాలి, ఆ లెక్క కింద చెప్తాను. 25తో త్రిభుజం గానీ, పక్కకు వాలిన చతురస్రం గానీ చక్కగా వస్తుంది. అల్గారిదం కోసం కొత్తగా వెతకక్కర్లేదు. 2014లో హార్వర్డ్‌లో మైకేల్ రూబెన్‌స్టీన్, అలెహాండ్రో కోర్నేహో, రాధికా నాగ్‌పాల్ కిలోబాట్ అనే 1024 చిన్న రోబోలతో చేసి చూపించిన పద్ధతే మీకూ సరిపోతుంది. మీ సమయంలో ముప్పావు వంతు మాత్రం ఆకారానికి పోదు, రెండు రోబోల మధ్య దూరాన్ని నమ్మకంగా కొలవడానికి పోతుంది. ఆ కొలత కుదిరితే ఆకారం వస్తుంది. కుదరకపోతే కోడ్ ఎంత బాగా రాసినా లాభం లేదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆకాశంలో డ్రోన్లు బొమ్మలు గీసే ప్రదర్శనలు చూసి చాలామంది ఇదీ అలాంటిదే అనుకుంటారు. అక్కడ ప్రతి డ్రోన్‌కూ ఏ క్షణాన ఎక్కడ ఉండాలో ముందే నేల మీది కంప్యూటర్‌లో రాసి పెడతారు. డ్రోన్ తన చోటును ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది, పక్క డ్రోన్‌తో దానికి పనే లేదు. మీరు అడిగింది దీనికి పూర్తిగా వేరు. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడేవాళ్ల వలయం గుర్తు తెచ్చుకోండి. ఎవరూ పైనుంచి చూసి "నువ్వు రెండడుగులు జరుగు" అని చెప్పరు. ముందున్న మనిషికి, పక్కనున్న మనిషికి ఎంత ఎడం ఉందో చూసుకుంటూ ప్రతి ఒక్కరూ అడుగేస్తారు. కొత్తగా ఇద్దరు వచ్చి చేరితే మిగతావాళ్లు కొంచెం కొంచెం సర్దుకుంటారు, వలయం పెద్దదవుతుంది. మధ్యలో పెట్టిన బతుకమ్మలే అందరికీ ఆనవాలు. రోబోల గుంపులో ఆ ఆనవాలు పని చేసేవి నాలుగు కదలని రోబోలు. వాటిని విత్తన రోబోలు అందాం.

ఒక్కో రోబోకు తెలిసేది ఎంత

కిలోబాట్ 33 మి.మీ. వ్యాసమున్న చిన్న బిళ్ల. చక్రాలు ఉండవు. మూడు సన్నని గట్టి కాళ్ల మీద నిలబడుతుంది, రెండు వైబ్రేషన్ మోటార్లు దాన్ని అదిరేలా చేస్తాయి. ఒక మోటార్ తిరిగితే ఒక పక్కకు తిరుగుతుంది, రెండూ తిరిగితే ముందుకు పోతుంది. వేగం సెకనుకు సుమారు 1 సెం.మీ. అడుగున ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఒక రిసీవర్ కిందికి చూస్తూ ఉంటాయి. వెలుతురు బల్ల మీద తగిలి చుట్టూ వెదజల్లబడుతుంది. సుమారు 7 సెం.మీ. లోపు ఉన్న పొరుగు రోబోలన్నీ దాన్ని వింటాయి. ఎంత గట్టిగా వినపడిందో చూసి దూరం లెక్కగడతాయి.

దూరం తెలుస్తుంది, దిక్కు తెలియదు. పక్క రోబో 5 సెం.మీ. అవతల ఉందని తెలుస్తుంది, అది ఎడమనా కుడినా తెలియదు. తను ఎటు ముఖం పెట్టి ఉందో కూడా దానికి తెలియదు. ఇంత తక్కువ సమాచారంతో ఆకారం ఎలా వస్తుందన్నదే ఈ పద్ధతిలోని అసలు అందం. మూడు చిన్న పనులు కలిసి ఆ పని చేస్తాయి.

మొదటిది మెట్టు సంఖ్య, పుస్తకాల్లో గ్రేడియంట్ అంటారు. విత్తన రోబోల్లో ఒకదాని మెట్టు 0. ప్రతి రోబో తనకు దగ్గరగా, అంటే 50 మి.మీ. లోపు, ఉన్న పొరుగు మెట్లలో చిన్నదాన్ని తీసుకుని 1 కలుపుతుంది. చెరువులో రాయి వేస్తే అలలు పోయినట్టు సంఖ్యలు గుంపంతా పాకుతాయి. దీని ఉపయోగం ఏమంటే, ఏ రోబో గుంపు అంచున ఉందో దానికే తెలిసిపోతుంది. తను వినగలిగిన వాటన్నిటి కన్నా తన మెట్టు పెద్దదైతే ముందు కదలాల్సింది అదే. మెట్టు సమానమైతే ఐడీ పెద్దది కదలాలి. దగ్గర్లో ఇంకోటి అప్పటికే కదులుతుంటే ఆగాలి. ఈ వరుస పాటించకపోతే గుంపు లోపలి రోబో కదలబోయి చుట్టూ ఉన్నవాటిని గుద్దుతూ అక్కడే గింజుకుంటుంది.

రెండోది అంచు నడక. కదిలే రోబో ఆగి ఉన్నవాటి చుట్టూ ఒకే దూరం పాటిస్తూ తిరగాలి. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టే అన్నీ ఒకే దిక్కున తిరగాలి, లేకపోతే ఎదురెదురు వచ్చి ఢీకొంటాయి. దిక్కు తెలియని రోబో ఇది చేసే తీరు ఇలా ఉంటుంది. దగ్గరి రోబోకు కేంద్రం నుంచి కేంద్రానికి 50 మి.మీ. ఎడం ఉండాలని పెట్టుకోండి. ఎడం తగ్గింది, ఇంకా తగ్గుతోంది అంటే బయటికి తిరగాలి. తగ్గింది కానీ ఇప్పుడు పెరుగుతోంది అంటే నేరుగా పోవాలి. ఎక్కువైంది, ఇంకా పెరుగుతోంది అంటే లోపలికి తిరగాలి. ఎక్కువైంది కానీ తగ్గుతోంది అంటే నేరుగా పోవాలి. ఈ నాలుగు షరతులే. కిందటి కొలత, ఇప్పటి కొలత రెండూ గుర్తుంటే చాలు.

మూడోది చోటు తెలుసుకోవడం. విత్తన రోబోల నాలుగింటికీ వాటి చోటు ముందే రాసి పెడతారు. మిగతావి తమ చోటు ఖాయంగా తెలిసిన కనీసం మూడు పొరుగు రోబోల దూరాలు తీసుకుని తమ చోటు లెక్కిస్తాయి. ఒక్కో పొరుగుకూ చేయాల్సింది ఒకటే: అది చెప్పిన చోటు నుంచి, నా అంచనా ఉన్న వైపుకే, కొలిచిన దూరంలో ఒక బిందువు పెట్టాలి. నా అంచనాను ఆ బిందువు వైపు నాలుగో వంతు జరపాలి. అన్ని పొరుగులకూ ఇదే మళ్లీ మళ్లీ చేస్తూ పోతే అంచనా స్థిరపడుతుంది. పెద్ద గణితం అక్కర్లేదు, ఏటీమెగా328 చిప్‌లో హాయిగా నడుస్తుంది. ఆ మూడు పొరుగులూ ఒకే గీత మీద ఉండకూడదు. ఉంటే గీతకు అద్దంలో బొమ్మలా అవతలి వైపున కూడా సరిగ్గా అవే దూరాలు వచ్చే చోటు ఉంటుంది, రోబో అటు ఇటు దూకుతుంది. విత్తనాలు మూడు కాకుండా నాలుగు పెట్టి, వాటిని వాలిన చతురస్రంగా పేర్చడం కూడా ఇందుకే.

తన చోటు ఆకారం లోపల ఉందని తెలిసిన రోబో అంచు నడక కొనసాగిస్తుంది. ఇంకో అడుగేస్తే ఆకారం బయటికి పోతాను అన్నప్పుడు ఆగుతుంది. లేదా ఆగి ఉన్న దగ్గరి పొరుగు మెట్టు తన మెట్టుకు సమానమైనా, ఎక్కువైనా ఆగుతుంది. ఆగాక మళ్లీ కదలదు, అది కూడా ఇప్పుడు వెనకొచ్చే వాటికి ఆనవాలు. ఆకారం పొరలు పొరలుగా పెరుగుతుంది.

తోరణం లెక్క

చోటు తెలియడానికి ఒకే గీత మీద లేని మూడు పొరుగులు కావాలి కాబట్టి ఒక రోబో మందంతో స్తంభం కట్టలేం. రెండు మందంతో కట్టొచ్చు గానీ ఒక్కటి మొరాయించినా ఆ పైనంతా కూలినట్టే. మూడు మందం పెట్టుకోండి. స్తంభం ఒక్కోటి 3 వెడల్పు, 6 ఎత్తు, రెండూ కలిపి 36. మధ్య సందు కనీసం 4 రోబోల వెడల్పు ఉండాలి. పై దూలం అప్పుడు 10 పొడవు, 3 మందం, అంటే 30. మొత్తం 66.

సందు 4 ఎందుకు? 2 పెడితే మధ్యలో నడిచే రోబోకు రెండు స్తంభాలూ దాదాపు 5 సెం.మీ. దూరంలోనే ఉంటాయి. దానికి "దగ్గరి పొరుగు" ఎడమ స్తంభంలోదా కుడి స్తంభంలోదా అన్నది ప్రతి కొలతకూ మారిపోతుంది, దారి తప్పుతుంది. 4 ఉంటే ఎదుటి స్తంభం వినికిడికి అందదు.

విత్తనాలను స్తంభం మొదట్లో పెట్టాలనిపిస్తుంది. అలా పెట్టకండి. చోటులో తప్పు ఒక రోబో నుంచి ఇంకోదానికి వారసత్వంగా పోతుంది. ఒక స్తంభం పాదం నుంచి మొదలైతే రెండో స్తంభం పాదం చేరేసరికి 20 మెట్ల దూరం, ఆ కాలు కచ్చితంగా వంకర పోతుంది. విత్తనాలు దూలం మధ్యలో పై అంచున పెట్టి, మిగతా రోబోలను దాని పైన ఆనుకుని గుంపుగా పేరిస్తే ఏ పాదమైనా పన్నెండు మెట్ల లోపే ఉంటుంది.

రంధ్రం ఉన్న ఆకారాలు ఈ పద్ధతికి పడవు. తెలుగు అక్షరాలు రాయించాలని ఉబలాటం కలగడం సహజం, కానీ మన అక్షరాల్లో సగానికి సగం సున్నాలు చుట్టుకుంటాయి. వలయం మూసుకునేటప్పుడు లోపలి అంచున నడుస్తున్న రోబో అక్కడే చిక్కుకుని ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. పైగా వలయం రెండు కొనలూ చెరో వైపు నుంచి తప్పులు మోసుకుని వస్తాయి కాబట్టి కలిసే చోట పొసగవు. లావుగా, రంధ్రం లేకుండా, ఒకే ముక్కగా ఉన్నదే ఎంచుకోవాలి. 25 రోబోలకైతే ఒక్కో వైపు 6 ఉన్న త్రిభుజం ఎంచుకోండి. విత్తనాలతో కలిపి 21 పడతాయి, నాలుగు చేతిలో మిగులుతాయి. ఆ నాలుగూ ఎప్పుడూ అవసరమవుతాయి.

తయారీ: తప్పులు జరిగేది ఇక్కడే

కిలోబాట్ మొదట రూపొందించినప్పుడు విడిభాగాల ఖర్చు రోబోకు 14 డాలర్లని చెప్పారు. తయారై ఉన్నవి కొంటే దానికి ఎన్నో రెట్లు పడుతుంది. అందుకే సొంతంగా కట్టుకోవడమే మేలు. చాలా భాగాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. 25 చేయాలంటే 30కి సరిపడా కొనండి, మోటార్లు 70 కొనండి.

రిసీవర్ విషయంలో జాగ్రత్త. టీవీ రిమోట్‌లకు వాడే టీసాప్1738 కొంటే ప్రాజెక్టు అక్కడే ఆగిపోతుంది. అది సంకేతం వచ్చిందా లేదా అని మాత్రమే చెప్తుంది, ఎంత బలంగా వచ్చిందో చెప్పదు. మీకు కావాల్సిందే ఆ బలం. మామూలు 940 నానోమీటర్ల ఫొటోడయోడ్, దాని వెనక సంకేతాన్ని పెంచే ఒక ఆప్‌యాంప్, అక్కడి నుంచి వోల్టేజ్‌ను సంఖ్యగా మార్చే చిప్ ఏడీసీకి. బ్లూటూత్, వైఫై సంకేత బలంతో దూరం కొలుద్దామని కూడా చూడకండి. సెంటీమీటర్ల లెక్కలో అవి పనికిరావు, గోడలకు తగిలి వచ్చే తరంగాలే దాన్ని ముంచేస్తాయి.

వోల్టేజ్‌ను ఒకేలా ఉంచే రెగ్యులేటర్ ఇంకో గుంట. దుకాణంలో 3.3 వోల్టులంటే ఏఎంఎస్1117 చేతిలో పెడతారు. దానికి తన వాటాగా ఒక వోల్టుకు పైగా కావాలి. లిథియం బ్యాటరీ 3.7 దగ్గర ఉన్నప్పుడు అటువైపు 3.3 రాదు. ఎంసీపీ1700 లాంటి తక్కువ డ్రాపౌట్‌ది, అంటే తన వాటాగా కొంచెమే తీసుకునేది, అడగండి. చిప్, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ రెండూ ఈ రెగ్యులేటర్ మీదే ఉండాలి. ఎల్‌ఈడీని నేరుగా బ్యాటరీకి కలిపితే బ్యాటరీ దిగుతున్న కొద్దీ వెలుతురు తగ్గుతుంది, పొరుగు రోబోలు అది దూరం జరిగిందనుకుంటాయి. గంట బాగా నడిచి తర్వాత ఆకారం సాగిపోతుంటే మొదట చూడాల్సింది దీన్నే. మోటార్లను మాత్రం బ్యాటరీ నుంచే ట్రాన్సిస్టర్ ద్వారా నడపండి, ఒక్కోదానికీ అడ్డంగా ఒక 1ఎన్4148 డయోడ్, బ్యాటరీ దగ్గర 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. అది లేకపోతే మోటార్ మొదలైన ప్రతిసారీ వోల్టేజ్ కుంగి చిప్ రీసెట్ అవుతుంది, రోబో తన చోటు మర్చిపోతుంది. చిప్‌ను 3.3 వోల్టుల మీద 16 మెగాహెర్ట్జ్‌తో నడపకండి, 8 చాలు.

చార్జింగ్‌కు టీపీ4056 బోర్డు అందరూ వాడతారు. అది వచ్చేటప్పుడు 1.2 కిలోఓమ్ రెసిస్టర్‌తో, అంటే 1 ఆంపియర్‌కు అమర్చి వస్తుంది. మీ 150 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీకి అది ప్రమాదం. ఆ రెసిస్టర్ తీసి 10 కిలోఓమ్‌ది పెడితే 120, 130 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. మన దగ్గర మే నెలలో రేకుల గదిలో, కిటికీ పక్కన చార్జింగ్ పెట్టకండి. లిథియం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు, ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదులు ఆ హద్దుకు చాలా దగ్గర. పొద్దున గానీ రాత్రి గానీ చేయండి.

కాళ్లకు గట్టి సన్నని ఉక్కు తీగ వాడండి. మూడూ ఒకే పొడవు ఉండాలి, అర మిల్లీమీటర్ తేడా ఉన్నా రోబో ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. తల బరువు ఎక్కువగా ఉన్నా అంతే, బ్యాటరీని వీలైనంత కిందికి, మధ్యకు తెండి.

బల్ల సంగతి చాలామంది పట్టించుకోరు. నున్నగా, తెల్లగా, మెరుస్తూ ఉండాలి. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు తెల్ల మార్కర్ బోర్డును పడుకోబెడితే 25 రోబోలకు సరిపోతుంది. కరీంనగర్ గ్రానైట్ పలక సమతలానికి సాటి లేదు, కానీ నల్లది ఇన్‌ఫ్రారెడ్‌ను ఎంత తిప్పి పంపుతుందో రెండు రోబోలతో కొలిచి చూశాకే నిర్ణయించుకోండి. మేస్త్రీలు వాడే రసమట్టంతో రెండు దిక్కులా సమం చేయండి. అదురుతూ నడిచే రోబో చిన్న వాలుకే పల్లానికి జారుతుంది. సీలింగ్ ఫ్యాన్ దుమ్ము కాళ్లకు పట్టుకుంటుంది, ప్రతి ప్రయత్నానికి ముందు బల్లను పొడి మెత్తటి గుడ్డతో తుడవండి.

దూరం కొలత సరిచేయడం

రెండు రోబోలను స్కేలు పక్కన పెట్టి 35 మి.మీ. నుంచి 80 వరకు 5 చొప్పున జరుపుతూ ఒక్కో చోట 50 కొలతలు తీసుకోండి. సగటు కాదు, మధ్య విలువ తీసుకోండి, అప్పుడప్పుడు వచ్చే వెర్రి కొలత సగటును పాడుచేస్తుంది. ఆ పది విలువలతో పట్టిక తయారు చేసి చిప్‌లో పెట్టండి. ఫార్ములా కన్నా పట్టిక నయం, ఎందుకంటే బల్ల మీద తగిలి వచ్చే వెలుతురు పుస్తకంలో చెప్పినట్టు దూరం వర్గానికి విలోమంగా తగ్గదు.

తర్వాత ఒక రోబోను ప్రామాణికంగా ఎంచుకోండి. మిగతా ప్రతిదాన్నీ దానికి 50 మి.మీ. దూరంలో పెట్టి, అది పంపినప్పుడు ఎంత, విన్నప్పుడు ఎంత అని రెండూ రాసుకోండి. ఎల్‌ఈడీలు ఒకే డబ్బాలోవి అయినా వెలుతురు ఒకేలా ఉండదు. ఒక్కో రోబోకు ఒక గుణకం వస్తుంది, దాన్ని ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని చిప్ మెమరీలో, పెట్టండి. అదే రోబోను గుండ్రంగా తిప్పుతూ కూడా చూడాలి. ఎల్‌ఈడీ కొంచెం పక్కకు వాలి అతికితే ఒక వైపు 50, ఇంకో వైపు 60 చూపిస్తుంది. దాన్ని కోడ్‌తో సరిచేయలేం, ఎల్‌ఈడీని తీసి నిటారుగా అతికించాల్సిందే. కొలతలో తప్పు 2, 3 మి.మీ. లోపు వచ్చేదాకా ముందుకు పోకండి. దీనికి మూడు వారాలు పట్టినా విచారించక్కర్లేదు.

మోటార్లకూ ఇలాగే. ప్రతి రోబోకూ ఎడమకు, కుడికి, నేరుగా అని మూడు రకాల విలువలు విడివిడిగా దొరకబుచ్చుకోవాలి. ఆగి ఉన్న రోబో తక్కువ బలంతో కదలదు, కాళ్లు బల్లకు పట్టుకుని ఉంటాయి. కాబట్టి మొదట 15 మిల్లీసెకన్లు పూర్తి బలం ఇచ్చి, తర్వాత మామూలు విలువకు తగ్గించాలి.

సందేశంలో ఏముండాలి

9 బైట్లు చాలు. ఐడీకి 2, మెట్టుకు 1, చోటుకు నిలువు అడ్డం చెరో 2, స్థితికి 1, ఒకటి మిగులు. ఐడీని రోబోలు యాదృచ్ఛికంగా ఎంచుకునేలా చేస్తే 1 బైట్‌తో సరిపెట్టకండి. 25 రోబోల్లో ఏవో రెండింటికి ఒకే ఐడీ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. 2 బైట్లయితే అర శాతం కూడా ఉండదు.

గుంపులో దగ్గర దగ్గరగా పేర్చినప్పుడు ఒక్కో రోబో చుట్టూ రెండు పొరల్లో 18 పొరుగులుంటాయి. అన్నీ సెకనుకు రెండుసార్లు, ఒక్కోటి 10 మిల్లీసెకన్ల సందేశం ఇష్టమొచ్చినప్పుడు పంపితే సగం దాకా ఒకదానిమీదొకటి పడి పోతాయి. పంపే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని వినాలి, వినపడితే కొద్ది సేపు, ఒక్కోసారి ఒక్కోలా, ఆగి పంపాలి. పొరుగు పట్టికలో 2 సెకన్ల పాటు వినపడని రోబోను తీసేయాలి. తీయకపోతే ఎప్పుడో వెళ్లిపోయిన రోబో ఇంకా పక్కనే ఉన్నట్టు లెక్కలో ఉండిపోయి, అంచు నడక లేని గోడ చుట్టూ తిరుగుతుంది.

ఇంకో చిన్న మాట. 25 రోబోలకు కేబుల్‌తో ప్రోగ్రామ్ ఎక్కించడం అంటే ఒక్కోటి ఒక నిమిషం, ప్రతి చిన్న మార్పుకూ 25 నిమిషాలు. అందుకని దూరం హద్దులు, మోటార్ ఆగే వ్యవధి లాంటివి కోడ్‌లో పాతేయకుండా, బల్ల పైన వేలాడదీసిన ఒక బలమైన ఇన్‌ఫ్రారెడ్ దీపంతో అన్నిటికీ ఒకేసారి పంపేలా చేసుకోండి. మొదలు, ఆగు, నిద్రపో అనే ఆజ్ఞలూ దానితోనే. ఇది మీ నియమానికి విరుద్ధం కాదు. ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ దీపం చెప్పట్లేదు.

సిమ్యులేషన్ తప్పకుండా ముందు చేయండి. ఆర్గోస్ అనే సిమ్యులేటర్‌లో కిలోబాట్ కోసం ప్లగిన్ ఉంది, కిలొంబో అనే ఇంకో సిమ్యులేటర్ కూడా ఉంది. దూరానికి 3 మి.మీ. తప్పు, పదింట ఒక సందేశం పోవడం, మోటార్ల వేగంలో 20 శాతం తేడా కలపకుండా నడిపితే అంతా బ్రహ్మాండంగా కనపడుతుంది, బల్ల మీద ఏదీ పనిచేయదు.

బల్ల మీద కనపడే జబ్బులు

ట్రాఫిక్ జామ్ అన్నిటికన్నా ఎక్కువ. ఒకే అంచు మీద వరుసగా నడుస్తాయి కాబట్టి ఒక్క నెమ్మది రోబో వెనక మిగతావన్నీ నిలబడిపోతాయి. ముందున్నది 7 సెం.మీ. లోపు ఉంటే వెనకది ఆగేలా ఉంచండి. కానీ 20 సెకన్లలో తన దూరాలేవీ మారని రోబో తను ఇరుక్కున్నానని గుర్తించి, కాస్త బయటికి తిరిగి మళ్లీ ప్రయత్నించాలి. ఆగిపోయిన రోబో తన జబ్బు తానే గుర్తించలేకపోవచ్చు, అప్పుడు పొరుగులే "ఇది కదలట్లేదు" అని నిర్ణయించి దాన్ని ఆగి ఉన్న రోబోగా లెక్కేసి చుట్టి పోవాలి.

మూలల దగ్గర రోబో గుంపును వదిలి బల్ల మీదికి పారిపోతే ఎడం ఎక్కువ పెట్టారన్నమాట, 50 నుంచి 45కి తగ్గించండి. 40కి దిగితే ఆగి ఉన్నవాటిని రాసుకుంటూ పోయి వాటిని జరిపేస్తుంది. ఆగినవి జరిగాయంటే వాటి చోటు అబద్ధమైపోతుంది, ఆ తప్పు వెనకొచ్చే వాటన్నిటికీ అంటుకుంటుంది.

ఆకారం మొత్తం ఒక పక్కకు వంగితే కోడ్ తిరగరాయకండి. విత్తనాల మధ్య దూరం స్కేలుతో మళ్లీ కొలవండి. అక్కడ 2 మి.మీ. తప్పుంటే చివర్లో రెండు వేళ్ల తేడా వస్తుంది. పగటిపూట పనిచేసి సాయంత్రం పనిచేయకపోయినా, లేదా దానికి తిరగబడ్డా, కారణం వెలుతురు. ఎండలో, పాతకాలపు ఫిలమెంట్ బల్బుల్లో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, రిసీవర్ నిండిపోయి ఏమీ వినలేదు. తెరలు వేసి ఎల్‌ఈడీ దీపాల కింద చేయండి.

సమయం విషయంలో ఓపిక పట్టండి. హార్వర్డ్‌లో 1024 రోబోలు ఒక ఆకారానికి సుమారు 12 గంటలు తీసుకున్నాయి. మీ 21 రోబోల త్రిభుజానికి అరగంట నుంచి గంట పట్టొచ్చు. అంతసేపూ పక్కన నిలబడి వేలితో నెట్టకండి, నెట్టిన రోబోకు చోటు తప్పుతుంది.

ఇంతకన్నా సులువైన దారి

డబ్బు గానీ సమయం గానీ తక్కువగా ఉంటే లెక్కలే లేని దారి ఒకటుంది. చాటలో బియ్యం చెరిగితే నూకలు, రాళ్లు వాటంతట అవే వేరవుతాయి కదా, కదలికే అక్కడ పనంతా చేస్తుంది. జార్జియా టెక్‌లో 2021లో బాబ్‌బాట్‌లతో చేసింది ఆ కోవలోదే. బ్రష్ కుచ్చుల మీద అదిరే గుండ్రటి రోబోలు, చుట్టూ వదులుగా అమర్చిన అయస్కాంతాలు. లోపల కంప్యూటర్ లేదు, మాటల్లేవు. అయస్కాంతం బలహీనంగా ఉంటే విడివిడిగా తిరుగుతాయి, ఒక హద్దు దాటి బలపడితే గుంపు కడతాయి. దీనికి టూత్‌బ్రష్ ముక్క, వైబ్రేషన్ మోటార్, బటన్ సెల్, చిన్న అయస్కాంతాలు చాలు, ఒక వారంలో 30 చేయొచ్చు. పరిమితి కూడా చెప్పాలి. గుంపు కడతాయి గానీ మీరడిగిన ఆకారం కట్టవు.

2019లో కొలంబియా, ఎంఐటీ పరిశోధకులు చేసిన రేణు రోబోలు ఇంకో రకం. ఒక్కో బిళ్ల ఉబ్బడం, ముడుచుకోవడం మాత్రమే చేస్తుంది, ఒంటరిగా కదల్లేదు. వెలుతురు బలాన్ని బట్టి ఒక్కోటి ఒక్కో సమయానికి ఉబ్బితే గుంపంతా దీపం వైపు పాకుతుంది. అయిదింట ఒకటి చెడిపోయినా గుంపు దాదాపు సగం వేగంతో సాగింది. 2018లో 300 కిలోబాట్‌లతో చేసిన ఇంకో ప్రయోగంలో విత్తనాలూ, చోటు లెక్కలూ లేవు. జంతువుల చర్మం మీద చారలు, మచ్చలు ఎలా వస్తాయో అలన్ ట్యూరింగ్ 1952లో రాసిన సమీకరణాల తరహాలో రెండు ఊహా రసాయనాల లెక్కను రోబోలు తమలో తాము నడుపుకున్నాయి. గుంపు నుంచి కొమ్మల్లాంటివి మొలిచాయి, కోసేస్తే మళ్లీ పెరిగాయి. ఆకారం ఏమొస్తుందో ముందే చెప్పలేం, కానీ దెబ్బతిన్నా కోలుకోవడంలో తోరణం పద్ధతి దాని దగ్గరికి రాదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు నేనైతే ఇలా చేయమంటాను: మొదటి నెలలో రెండే రెండు రోబోలు, దూరం కొలత మాత్రమే. తర్వాత 6 రోబోలతో ఆగి ఉన్న అయిదింటి చుట్టూ ఒకటి పది ప్రదక్షిణలు తప్పకుండా చేసేదాకా. అది అయ్యాకే 25కి భాగాలు ఆర్డర్ పెట్టండి. తోరణం 66 రోబోలతో సిమ్యులేషన్‌లో చూపించి, బల్ల మీద త్రిభుజం చూపించండి. ప్రదర్శన రోజు రోబోలను ముందే చార్జ్ చేసి పెట్టుకోండి, ప్రయత్నం మొదలుపెట్టి పైన కెమెరాను రికార్డింగ్‌కు మాత్రమే పెట్టండి. పరీక్షకులు వచ్చేసరికి సగం ఆకారం వచ్చి ఉండేలా 25 నిమిషాల ముందు మొదలుపెట్టండి, పెరుగుతున్నది వాళ్లు కళ్లారా చూస్తారు.